దమయంతక్క బట్టలు పెడితే

మేరీలాండ్‌లో మా క్లార్క్స్‌బర్గ్‌లో దమయంతక్క చేతి పులిహోర తినని తెలుగువాళ్ళు లేరు. ఆవిడతో పేచీ పెట్టుకుని సుఖపడినవాళ్ళూ లేరు. మొదటి సంగతి నాకు వచ్చిన కొత్తలోనే తెలిసింది. రెండోది తెలుసుకోవడానికి ఆవిడతో నాలుగేళ్ళు తిరగాల్సి వచ్చింది.

ఆవిడ ఇక్కడి ఎలిమెంటరీ స్కూల్ లంచ్ రూమ్‌లో పనిచేస్తుంది. యాభై ఆరేళ్ళు. మనిషి పొట్టి, గొంతు నెమ్మది. కోపం వస్తే ఆ గొంతు ఇంకా నెమ్మదిస్తుంది. నాకు అరిచేవాళ్ళంటే భయం లేదు, వాళ్ళు అరిచేసి మర్చిపోతారు. దమయంతక్క అరవదు.

ఎప్పుడో ఒక ఉగాది వేడుకలో ఆవిడ చేసిన పులిహోరని మైకులో ఇంకొకావిడ పేరు మీద మెచ్చుకున్నారట. తర్వాత క్షమాపణ కూడా చెప్పారట. ఆ ఏడాది నుంచి ఈ రోజు దాకా ఏ వేడుకకైనా ఆవిడ ట్రే మీద పళ్ళెమంత స్టికర్ ఉంటుంది, దాని మీద తెలుగులో, ఇంగ్లీషులో ఆవిడ పేరు. ఆ ట్రేని తీసుకెళ్ళి సరిగ్గా ఆ ఇంకొకావిడ ముందు పెడుతుంది. పధ్నాలుగేళ్ళుగా పెడుతోంది.

వాళ్ళాయన ఈశ్వరయ్యగారు పాపం మెత్తని మనిషి. పెళ్ళయిన కొత్తలో చుట్టాల ముందు 'రసం పల్చగా ఉందే' అన్నారట. అంతే, ఆ ఇంట్లో మళ్ళీ రసం కాగలేదు. ఆయన రసం తాగాలంటే మా ఇంటికి వస్తారు. నేను పోస్తాను. గ్లాసు ఖాళీ చేసి, ఎవరైనా చూశారేమోనని కిటికీ వైపు చూస్తారు.

ఇలాంటి మనిషికి లక్ష్మీపతిని పరిచయం చేసింది నేనే.

లక్ష్మీపతిది భీమవరం వైపు. ముప్పై ఎనిమిదేళ్ళు ఉంటాయి. మేరీలాండ్ స్టేట్ లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు. అందరినీ అక్కా, బావగారూ అంటూ, పెట్టిన టిఫిను వద్దనకుండా తింటూ మనవాళ్ళ బేస్‌మెంట్లన్నీ చేసేవాడు. మా కిచెన్‌లో స్టవ్ వెనక గోడకి టైల్స్ వేసింది అతనే, చక్కగా వేశాడు. అందుకని దమయంతక్క బేస్‌మెంట్ చేయిస్తానంటే నేను అతని నంబరు ఇచ్చాను. ఇచ్చి ఊరుకోలేదు, 'కళ్ళు మూసుకుని ఇచ్చేయండక్కా' అని కూడా అన్నాను.

బేస్‌మెంట్ ఎందుకంటే, బొమ్మల కోసం. దమయంతక్కకి పిల్లలు లేరు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ రెండో మూడో కొండపల్లి బొమ్మలు చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చుకునేది. ఇరవై ఆరేళ్ళలో నూట నలభై అయ్యాయి. ఏటా దసరాకి లివింగ్ రూమ్‌లో సోఫాలు జరిపి కొలువు పెట్టేది. కింద వాటికంటూ ఒక గది, తొమ్మిది మెట్లు, పైన చిన్న లైట్లు కావాలని ఆవిడ కోరిక.

పని ముక్కాలు మూడొంతులు అయింది. ఇంతలో ఆవిడ పంచాంగం తీసి, వచ్చే వారం నుంచి మూఢం అంది. మూఢంలో గృహప్రవేశం చేయకూడదు. బేస్‌మెంట్‌కి గృహప్రవేశం ఏమిటని మీరు అడగొచ్చు, ఈశ్వరయ్యగారు కూడా అడిగారు. ఆయన మాట ఎవరు విన్నారు. కౌంటీవాళ్ళు వచ్చి చివరి ఇన్‌స్పెక్షన్ చేయకముందే కింద పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. అరవై మందిమి వెళ్ళాం.

ఇల్లు కట్టిన మేస్త్రికి బట్టలు పెట్టడం మన ఆనవాయితీ కదా. లక్ష్మీపతిని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పట్టుపంచె, కండువా ఇచ్చింది. తాంబూలం పళ్ళెంలో తమలపాకుల కింద కవరు, కవర్లో చివరి వాయిదా మొత్తం క్యాష్. రసీదు లేదు. తాంబూలానికి ఎవరైనా రసీదు అడుగుతారా. అతను వంగి ఆవిడ కాళ్ళకి దండం కూడా పెట్టాడు. 'మిగిలిన చిల్లర పనులు వారంలో చేసేస్తానక్కా' అన్నాడు. వ్రతం నాటికే బొమ్మల పెట్టెలన్నీ కింది గదిలోకి చేరాయి.

మూడు వారాలకి తుఫాను వచ్చింది. పొద్దున లేచి చూస్తే కింద మోకాలి లోతు నీళ్ళు. నేల అడుగున ఊరే నీటిని బయటికి తోసేందుకు ఒక పంపు ఉండాలి. గోతిలో పంపు పెట్టాడు. గోతి మీద మూత పెట్టాడు. మూత మీద కార్పెట్ వేశాడు. పంపు నుంచి బయటికి పోవలసిన గొట్టం గోడలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. తుఫాను పూట పంపు శుభ్రంగా పనిచేసి, నీళ్ళన్నిటినీ ఆ గోడలోంచి మళ్ళీ గదిలోకే తోసింది.

కొండపల్లి బొమ్మలు తేలిక కొయ్యతో చేస్తారు. నానితే ఉబ్బి పగులుతాయి, రంగు దిగిపోతుంది. నేను వెళ్ళేసరికి ఆవిడ చీర పైకి దోపుకుని నీళ్ళలో నిలబడి ఒక్కొక్కదాన్నీ ఏరుతోంది. మొత్తం బొమ్మల్లో దశావతారాల సెట్‌లోని మత్స్యావతారం ఒక్కటే బాగుంది, అది ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉండిపోయింది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి లక్ష్మీపతికి చెప్పింది.

"బొమ్మలే కదక్కా," అన్నాడతను. "అమెజాన్‌లో దొరుకుతాయి. కార్పెట్ సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడు వేరే సైట్‌లో ఉన్నా."

ఆవిడ చాలా నెమ్మదిగా, "సరే తమ్ముడూ," అంది. ఆ గొంతు విని ఈశ్వరయ్యగారు మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు.

తర్వాత లక్ష్మీపతి ఫోనెత్తలేదు. ఆవిడ ఎక్కడెక్కడో చదివి రెండు పనులు చేసింది. మేరీలాండ్‌లో ఇంటి పనులు చేసే కాంట్రాక్టర్లంతా డబ్బు కట్టే గ్యారంటీ ఫండ్ ఒకటుంది. లైసెన్స్ ఉన్నవాడు పని చెడగొడితే, ఆ పని బాగుచేయించుకునే ఖర్చు ఇంటివాళ్ళకి ఫండ్ ఇస్తుంది. ఇచ్చింది వడ్డీతో సహా ఫండ్‌కి తిరిగి కట్టేదాకా కాంట్రాక్టరు లైసెన్స్ ఆగిపోతుంది. దానికి క్లెయిమ్ పెట్టింది. కానీ ఫండ్ బొమ్మలకి ఇవ్వదు. చెడిన పనికే ఇస్తుంది, పని వల్ల చెడిన వస్తువులకి ఇవ్వదు. బొమ్మల కోసం రాక్‌విల్ కోర్టులో కేసు కూడా వేసింది.

రెండు గుళ్ళలో మొక్కుకుంటే ఇద్దరు దేవుళ్ళూ పలుకుతారనుకుంది. ఒక దేవుడు ఉత్తరం రాశాడు. ఇదే విషయం మీద కోర్టులో కేసు నడుస్తోంది కనుక, అది తేలేదాకా మీ క్లెయిమ్‌ను పక్కన పెడుతున్నాం అని.

అప్పుడు అవనిని కలిశాం. మా పాత స్నేహితుల అమ్మాయి, ఇక్కడే పుట్టింది, లాయరు. దాని తెలుగు ముద్దుగా ఉంటుంది.

"ఆంటీ, టూ ప్లేసెస్‌లో సేమ్ థింగ్ అడగకూడదు," అంది. "కోర్ట్ అయిపోయాక ఫండ్. ఆర్, కోర్ట్ మీరు ఆపేస్తే ఫండ్ మళ్ళీ స్టార్ట్ అవుతుంది. మీకు ఏం కావాలి?"

"వాడి లైసెన్స్," అంది దమయంతక్క.

"అయితే కోర్ట్ ఆపేద్దామా?"

"అప్పుడే కాదు. కోర్టులో వాడి చేత ప్రమాణం చేయించి ప్రశ్నలు అడగొచ్చా?"

"యా. రిటన్ క్వశ్చన్స్ పంపిస్తాం. వాడు అండర్ ఓత్ ఆన్సర్ చేయాలి."

"పంపించు. మిగతాది తర్వాత చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. ఫండ్ వైపు దారి మూసుకుపోయి ఉంటే కోర్టు పట్టుకుని వేలాడటమేమిటి? పైగా ఆ తిరుగుడంతా నాది. దమయంతక్క హైవే మీద కారు నడపదు. స్కూలు, ఇండియన్ స్టోరు, మా ఇల్లు, అంతే ఆవిడ ప్రపంచం. 270 ఎక్కాలంటే నేనే. నాకు ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఎప్పుడూ ఖాళీగానే ఉంటానని అందరి నమ్మకం. కానీ నంబరు ఇచ్చింది నేనే కదా, కాదనలేకపోయాను. రాక్‌విల్ తీసుకెళ్ళాను. వాయిదా పడింది. మళ్ళీ తీసుకెళ్ళాను.

ఆ రెండోసారే లక్ష్మీపతి జవాబులు అవని చేతికి వచ్చాయి. లాయరుకి డబ్బివ్వడం మానేసి తనే రాసుకున్నాడు, పైగా ఫొటో కూడా జతచేశాడు. పీట మీద కూర్చుని, కండువా కప్పుకుని, చేతిలో తాంబూలం పళ్ళెం. అవని నాకు ఏడో ప్రశ్న ఉన్న పేజీ చూపించింది. పని ఎప్పుడు పూర్తయింది, డబ్బు మొత్తం అందిందా అన్నది ప్రశ్న. దానికి అతని జవాబు: వ్రతం రోజుకే పని పూర్తిగా అయిపోయింది, చివరి వాయిదా ఆ రోజే అందింది, సంతోషించి మా సంప్రదాయం ప్రకారం నాకు బట్టలు పెట్టారు, ఫొటో చూడండి. కింద ప్రమాణం, సంతకం.

దమయంతక్క మిగతా పేజీలు కోర్టు కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని ఒక్కర్తే చదువుకుంది. అరగంట పట్టింది. నేను రెండుసార్లు పిలిచినా తలెత్తలేదు. తర్వాత కాగితాలు మడిచి బ్యాగ్‌లో పెట్టుకుని, "పద రేణూ, ఆకలేస్తోంది," అంది.

నెల తర్వాత లక్ష్మీపతి రాజీకి వచ్చాడు. పని ఖర్చు, బొమ్మల ఖర్చు మొత్తం ఇస్తాను, కానీ ఇక ఎక్కడా, ఫండ్ దగ్గర కూడా ఏ క్లెయిమూ చేయనని సంతకం పెట్టాలి అన్నాడు. ఈశ్వరయ్యగారు చేతులు జోడించినంత పని చేశారు, తీసుకుని వదిలెయ్యవే అని. నేనూ అదే అన్నాను.

"తీసుకోండక్కా. బొమ్మలకి కూడా ఇస్తానంటున్నాడు. ఫండ్‌కి వెళ్తే బొమ్మల మాటే ఉండదు. ఎవరితో ఎన్నాళ్ళని పోట్లాడతాం?"

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్తున్నావా?" అంది. తర్వాత, "బొమ్మలు ఎలాగూ పోయాయి. వాడి లైసెన్స్ మిగిలుంది," అంది.

ఇంకో వారానికి అవని ద్వారా కోర్టు కేసు వెనక్కి తీసుకుంది. ఏ రాజీ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కేసు వెనక్కి తీసుకోవడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. ఆ తేడా లక్ష్మీపతికి తెలియదు. విసిగిపోయి వదిలేసిందనుకున్నాడు. మా వాట్సాప్ గ్రూపులో 'ఆలస్యమైనా న్యాయం గెలుస్తుంది' అని పెట్టాడు. అరవై మందిలో ఒక్కరూ పలకలేదు. దమయంతక్క ఒక్కతే నమస్కారం గుర్తు పెట్టింది.

కేసు వెనక్కి తీసుకున్నట్టు కాగితం అందగానే ఫండ్‌వాళ్ళు క్లెయిమ్ మళ్ళీ తెరిచారు. హియరింగ్‌కి తేదీ రావడానికి ఏడాది పైనే పట్టింది, అదీ హంట్ వ్యాలీలో. మా ఇంటి నుంచి గంట పైన. పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. ఆవిడ పసుపు రంగు కంచిపట్టు కట్టుకుని, దారిపొడవునా లలిత చదువుకుంది. ఆ చీర వ్రతం నాడు కట్టుకున్నది.

అక్కడ జడ్జి ఒక ముసలాయన. కొత్త కాంట్రాక్టరు రాసిచ్చిన రిపోర్టు చదివాడు, గోడలో ఆగిపోయిన గొట్టం ఫొటోలు చూశాడు. చూసి లక్ష్మీపతిని అడిగాడు, గొట్టం ఎందుకు బయటికి వేయలేదని. ఆ ఫొటోలున్నాక పని పూర్తి చేశానని ఇక అనడానికి లేదు. లక్ష్మీపతి కొత్త పాట ఎత్తుకున్నాడు. పని ఇంకా మిగిలే ఉంది, ఆవిడ చివరి వాయిదా ఇవ్వలేదు, అందుకే ఆగాను, తర్వాత చేస్తానన్నా రానివ్వలేదు అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతను రెండు చోట్ల రెండు ఆడాడు.

అవని లేచి ఏడో ప్రశ్న పేజీ, ఫొటో జడ్జికి ఇచ్చింది.

జడ్జి కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. "ఈ సంతకం మీదేనా?" అని అడిగాడు. అవునన్నాడు. "ఇందులో రాసింది నిజమేనా?" అని అడిగాడు. నిజమంటే ఇప్పుడు చెప్పింది అబద్ధం. కాదంటే కోర్టులో చేసిన ప్రమాణం అబద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి ఆవిడ ఏడాదిన్నర ముందే తవ్వి, మూత పెట్టి, మూత మీద కార్పెట్ పరిచిందని అప్పుడు నాకు అర్థమైంది. నా పక్కన కూర్చుని ఆవిడ చీర కొంగు సర్దుకుంటోంది.

జడ్జికి ఇంకో అనుమానం వచ్చింది. సంతోషించకపోతే బట్టలెందుకు పెట్టారు అని ఆవిడని అడిగాడు. ఆవిడ లంచ్ రూమ్ ఇంగ్లీషులోనే చెప్పింది. మాకు అది మెచ్చుకోలు కాదు సార్, మర్యాద. కుక్కకి గూడు కట్టినవాడికైనా పెడతాం. అతను మర్యాద తీసుకున్నాడు, పని ఇవ్వలేదు. జడ్జి ఆ మాట రాసుకున్నాడు.

తీర్పు, అప్పీలు గడువు, అన్నీ అయ్యేసరికి ఇంకో ఆర్నెల్లు. ఫండ్ ఆవిడకి బేస్‌మెంట్ బాగుచేయించుకునే ఖర్చు ఇచ్చింది. బొమ్మలకి ఒక్క డాలరూ రాలేదు. లక్ష్మీపతి లైసెన్స్ ఆగిపోయింది. స్టేట్ వెబ్‌సైట్‌లో అతని పేరు కొడితే ఎర్ర అక్షరాల్లో సస్పెండెడ్ అని వస్తుంది. దమయంతక్క రోజూ పొద్దున కాఫీ తాగుతూ తిథి, వారం, నక్షత్రం చూసుకున్నాక అది కూడా చూసుకుంటుంది.

ఆగస్టులో అతనే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, ఆవిడ తోటలో గోంగూర కోస్తున్నాం. మనిషి చిక్కిపోయాడు. చేతిలో కవరు, కవర్లో ఆ పట్టుపంచె, కండువా.

"తప్పయిపోయిందక్కా," అన్నాడు. "మూడు జాబ్స్ కాన్సిల్ అయ్యాయి. ఫండ్‌వాళ్ళకి ఒక్క లెటర్ రాయండి, ఇన్‌స్టాల్‌మెంట్స్‌లో కట్టుకుంటా. లైసెన్స్ లేకపోతే ఎలా బతకాలి?"

"నా చేతుల్లో ఏముంది తమ్ముడూ. నువ్వు బాకీ పడింది నాకు కాదు, ఫండ్‌కి."

"మీరు చెప్తే వింటారేమో అక్కా."

ఆవిడ గోంగూర కట్ట చుట్టి పక్కన పెట్టింది. గొంతు ఎంత నెమ్మదించిందంటే, అతను వినడానికి ముందుకు వంగాల్సి వచ్చింది.

"లైసెన్సే కదా తమ్ముడూ. అమెజాన్‌లో దొరుకుతుందేమో చూడు."

అతను బట్టలు తీసుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే నాకు కడుపు నిండిపోయింది. ఆ రోజు గోంగూర పచ్చడితో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. నాలుగేళ్ళు నేనూ తిరిగాను, నాకూ ఆ మాట మీద హక్కుందనిపించింది. మేమిద్దరం కలిసి గెలిచామనే అనుకున్నాను.

అక్టోబరులో ఆవిడ కొలువు పెట్టింది. కొత్తగా బాగుచేసిన గది, తొమ్మిది మెట్లు, పైన చిన్న లైట్లు. ఎనిమిది మెట్లు ఖాళీ. అన్నిటికన్నా పై మెట్టు మీద మత్స్యావతారం. పేరంటానికి ఎవరినీ పిలవలేదు, నన్నొక్కదాన్నే పిలిచింది.

పీట వేసి కూర్చోబెట్టింది. కాళ్ళకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. మంచి గద్వాల చీర, జాకెట్టు ముక్క. "ఇన్నిసార్లు డ్రైవ్ చేశావు, నీకు బట్టలు పెట్టకపోతే ఎలా," అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. తాంబూలం పళ్ళెం అందుకుని తమలపాకులు తీశాను. కింద మడిచిన కాగితం ఉంది.

పదకొండో ప్రశ్న. ఈ కస్టమర్ మీకు ఎలా పరిచయమయ్యారు? లక్ష్మీపతి జవాబు: 'రేణుగారు పంపారు. బేస్‌మెంట్ పని ఒకటి ఇప్పిస్తానంటే ఆవిడ కిచెన్ టైల్స్ ముందే ఉచితంగా వేశాను.' ఆ టైల్స్ సంగతి నేను మీకు కూడా ఇంతదాకా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ జవాబు కింద పచ్చ హైలైటర్‌తో గీత ఉంది.

"ఎప్పుడు తెలిసిందక్కా?" అన్నాను.

"రాక్‌విల్ రెండోసారి వెళ్ళినరోజు."

రెండున్నరేళ్ళు. ఆ రోజు తర్వాతే హంట్ వ్యాలీ. ఆ రోజు తర్వాతే లాన్‌హమ్ గుడికి ప్రతి శుక్రవారం, కళ్ళ డాక్టరుకి, పళ్ళ డాక్టరుకి, ఎయిర్‌పోర్టుకి. అప్పటిదాకా వారానికోసారి రసానికి వచ్చే ఈశ్వరయ్యగారు మూడుసార్లు రావడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. ఆయన్ని పంపింది ఎవరో ఇప్పుడు తెలిసింది. నేనేమో స్నేహం ముదిరిందనుకున్నాను.

"మరి నన్ను అడగలేదే?"

"అడిగితే సారీ చెప్పేదానివి," అంది ఆవిడ, పసుపు గిన్నె మూత పెడుతూ. "సారీ నేనేం చేసుకుంటాను? హైవే ఎక్కడం రాదుగా నాకు."

నేను లేవబోయాను. కాళ్ళకి పసుపు తడి, పీట జారింది. ఆవిడే చెయ్యి పట్టుకుని లేపింది.

"శుక్రవారం తొమ్మిదింటికి వచ్చెయ్. గుడి అయ్యాక వర్జీనియాలో ఒకావిడ దగ్గర కొండపల్లి బొమ్మలు ఉన్నాయట, అవి కూడా చూసొద్దాం."

శుక్రవారం తొమ్మిదికి పది నిమిషాలుండగానే వాళ్ళ ఇంటి ముందు కారు ఆపాను. ఇంటి దగ్గర బయల్దేరేముందు కాఫీ పెట్టుకుంటూ స్టవ్ వెనక గోడ తడిమి చూశాను. ఇన్నేళ్ళలో ఒక్క టైలూ కదల్లేదు. ఆ ఒక్క పనీ వాడు చక్కగా చేశాడు.